విలియం కేరీ ఇంట్లో అర్థం కాని భాష

విలియం కేరీ గారి పేరు వినని సంఘం మన తెలుగు ప్రాంతాల్లో ఉండదేమో. మిషనరీ ఆదివారం వచ్చిందంటే మొదట గుర్తుకొచ్చే జీవితం ఆయనదే. చెప్పులు కుట్టే యువకుడు దేవుని పిలుపు విని, సముద్రం దాటి వచ్చి, పరిశుద్ధ గ్రంథాన్ని పూర్తిగానో కొంత భాగమో సుమారు నలభై భాషల్లోకి, మాండలికాల్లోకి తెచ్చారని మన సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆ భాషల్లో మన తెలుగు కూడా ఒకటి.

అయితే ఇన్ని భాషలు నేర్చిన ఆ దైవజనుని ఇంట్లోనే, ఒకే కప్పు కింద, ఒక మనిషి మాట పన్నెండేళ్లపాటు ఎవరికీ అర్థం కాకుండా పోయింది. ఆమె కేరీ గారి భార్య డొరతీ. ఆమె సంగతి మన ప్రసంగాల్లో రాదు. వచ్చినా, దైవజనునికి కలిగిన శ్రమల్లో ఒకటిగా ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఈ వారం ఆ జీవితాన్ని ఆమె వైపు నుంచి కూడా చూడాలని అనుకుంటున్నాము. కేరీ గారిని తక్కువ చేయాలని కాదు. మన ఇళ్లలో, మన సంఘాల్లో ఇలా అర్థం కాకుండా మిగిలిపోతున్నవారు ఉన్నారు కనుక.

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి నేతపని చేసేవారు, తర్వాత ఊరి బడిపంతులయ్యారు. కుమారుణ్ణి చెప్పుల పనికి పెట్టారు. ఆ పని చేస్తూనే ఆయన లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నారు. 1781లో పిడింగ్టన్ గ్రామంలో డొరతీ ప్లాకెట్‌ను వివాహమాడారు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు, ఆమె ఆయనకంటే ఐదారేళ్లు పెద్ద. పెళ్లి పుస్తకంలో ఆమె సంతకం చేయలేదు, గుర్తు పెట్టారు. ఆ రోజుల్లో పల్లెటూరి ఆడపిల్లలకు చదువు చెప్పించేవారు తక్కువ. ఒకరికి అక్షరమే లోకం, మరొకరికి అక్షరమే తెలియదు. అయినా ఆ కాపురం ప్రేమతోనే మొదలైంది. పేదరికంలో, జ్వరాల్లో, ఇద్దరు ఆడపిల్లలను మట్టిలో కలిపిన దుఃఖంలో వారు కలిసే ఉన్నారు.

తర్వాత కేరీ గారు మౌల్టన్‌లోను, లెస్టర్‌లోను బాప్టిస్టు సంఘాలకు కాపరిగా ఉన్నారు. అన్యజనులకు సువార్త ప్రకటించే బాధ్యత గురించి 1792లో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. అదే సంవత్సరం అక్టోబరు 2న కెటరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1793 జనవరిలో కేరీ గారినీ, అంతకుముందే బెంగాల్‌లో పని చేసి వచ్చిన డాక్టరు జాన్ థామస్‌నూ పంపాలని తీర్మానించారు.

అప్పటికి డొరతీ గారు గర్భవతి. ఇంట్లో ముగ్గురు మగపిల్లలు. ఫిబ్రవరిలో ఫ్రాన్సు బ్రిటన్‌పై యుద్ధం ప్రకటించింది, సముద్రంలో ప్రాణాలకు భద్రత లేదు. వెళ్లవలసిన దేశం గురించి ఆమెకు తెలిసినదేమీ లేదు. ఆమె రానన్నారు. ఇన్నేళ్లుగా మనవాళ్లు ఆ మాటను అవిశ్వాసంగానే చదివారు. గర్భంతో ఉన్న తల్లి తన పిల్లల ప్రాణాల గురించి పడిన భయంగా చదివినవారు తక్కువ. పిలుపు కేరీ గారికి స్పష్టంగా వినిపించింది. అదే ఇంట్లో అదే రాత్రులు పక్కనే పడుకున్న ఆమెకు అది వినిపించలేదు. తనకు వినిపించినదాన్ని ఎంత వివరించినా ఆమెకు వినిపించేలా చేయడం ఆయన వల్ల కాలేదు. ఆమె భయం ఎంత లోతైనదో ఆయనకూ తెలియలేదు.

కేరీ గారు పెద్ద కుమారుడు ఫీలిక్సును మాత్రం వెంటబెట్టుకొని బయలుదేరారు. కంపెనీ అనుమతి లేనందున ఓడ నుంచి దింపేశారు. ఈలోగా మే నెలలో డొరతీ గారు జాబెజ్‌ను కన్నారు. డెన్మార్కు ఓడ ఒకటి దొరికిందని తెలిసి కేరీ, థామస్ గార్లు మళ్లీ పిడింగ్టన్ వచ్చి ఆమెను బతిమాలారు. ఆమె మళ్లీ కాదన్నారు. ఇద్దరూ దారి పట్టాక థామస్ ఒక్కడే వెనక్కి తిరిగి వెళ్లి, ఇప్పుడు రాకపోతే జీవితమంతా బాధపడతావని గట్టిగా చెప్పాడు. చెల్లెలు కేథరిన్ తోడు వస్తే వస్తానని చివరికి ఆమె ఒప్పుకున్నారు. ఒక్కరోజులో సామాను సర్దారు. 1793 జూన్ 13న ఓడ బయలుదేరింది. ఆమె ఒడిలో కొన్ని వారాల పసికందు.

ప్రియ పాఠకులారా, ఆమె ఒప్పుకున్నారు, నిజమే. కానీ ఒప్పుకోవడం వేరు, మనసు కుదరడం వేరు. పెళ్లిళ్ల విషయంలో, ఉద్యోగాల బదిలీల విషయంలో, పరిచర్య కోసం ఊళ్లు మారేటప్పుడు మన ఇళ్లలోనూ ఇది జరుగుతూనే ఉంటుంది. తల ఊపితే చాలు, సమ్మతి దొరికిందని అనుకుంటాము. ఆ తల వెనుక ఏముందో అడగము.

ఐదు నెలల ప్రయాణం తర్వాత నవంబరులో వారు కలకత్తా చేరారు. తెచ్చుకున్న డబ్బు కొద్దికాలంలోనే అయిపోయింది. ఇల్లు తర్వాత ఇల్లు మారారు. 1794లో సుందరవనాల అంచున దేభట్టలో పులులు తిరిగే చోట గుడిసె వేసుకునే ప్రయత్నం చేశారు. డొరతీ గారికీ ఫీలిక్సుకూ రక్తవిరేచనాలు పట్టుకొని వదల్లేదు. తోడుగా వచ్చిన చెల్లెలు అక్కడే ఒక ఆంగ్ల అధికారిని పెళ్లి చేసుకొని ఉండిపోయింది. ఆమెతో సొంత భాషలో, సొంత ఊరి మాటల్లో కష్టసుఖాలు చెప్పుకునే ఒకే ఒక్క ఆడమనిషి కూడా లేకుండా పోయింది. ఇంగ్లాండు నుంచి ఉత్తరాలు నెలల తరబడి రాలేదు.

ఆ సంవత్సరమే కేరీ గారికి మాల్దా దగ్గర మద్నాబటిలో నీలిమందు ఫ్యాక్టరీ చూసుకునే పని దొరికింది. తిండికి ఇబ్బంది తీరింది. కానీ అక్టోబరులో ఐదేళ్ల పీటర్ జబ్బు చేసి చనిపోయాడు. కులం పోతుందన్న భయంతో గొయ్యి తవ్వడానికి, పెట్టె మోయడానికి మనుషులు దొరకడమే కష్టమైంది. పరాయి దేశంలో, తన బిడ్డ శవాన్ని ముట్టడానికి జనం వెనకాడుతుంటే ఆ తల్లి చూశారు. ఎందుకు వెనకాడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు. ఆమె ఏడుపు వారికి అర్థమైందో లేదో.

1795 ఆరంభానికి ఆమె మనసు చెదిరింది. భర్త తనకు ద్రోహం చేస్తున్నాడని గట్టిగా నమ్మారు. వీధిలో ఆయన వెంటపడి నిందించేవారు. ఒక దశలో ఆయన ప్రాణానికే ప్రమాదం ఏర్పడింది. చివరికి ఆమెను గదిలో ఉంచి కాపలా పెట్టవలసి వచ్చింది. కేరీ గారు ఈ సంగతి ఇంగ్లాండులోని తన చెల్లెళ్లకు రాశారు. ఆమె నిందల్లో నిజం లేదని ఆయనను దగ్గరగా ఎరిగినవారు సాక్ష్యమిచ్చారు. నేటి వైద్యులైతే దీన్ని ఒక జబ్బుగా గుర్తించి మందులిచ్చేవారు. ఆనాడు ఆ జబ్బుకు సరైన పేరూ లేదు, మందూ లేదు.

విచిత్రమేమంటే సరిగ్గా ఆ ఏళ్లలోనే కేరీ గారు బెంగాలీ భాషలోకి లోతుగా దిగారు. రామ్ రామ్ బసు అనే మున్షీ దగ్గర నేర్చుకున్న పండితుల భాషకూ, పొలాల్లో రైతులు మాట్లాడే భాషకూ ఎంతో దూరముందని గ్రహించారు. అందుకే జనం నోటి మాటను చెవినిండా విన్నారు. 1801లో ఆయన ప్రచురించిన కథోపకథన్ అనే పుస్తకంలో కూలీలు, చేపలు పట్టేవారు, అప్పులిచ్చేవారు, చివరికి గొడవపడే ఆడవాళ్లు ఎలా మాట్లాడుకుంటారో కూడా ఉంది. పరాయి స్త్రీల నోటి మాటను అంత శ్రద్ధగా విన్న ఆ చెవికి, పక్క గదిలో కేకలు వేస్తున్న తన భార్య మాట మాత్రం అందలేదు. ఆయన చెవులు మూసుకున్నారని మేము అనడం లేదు. ఆ మాటకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, చెప్పిపెట్టే మున్షీ లేడు.

1800 జనవరిలో కుటుంబం డెన్మార్కు వారి ఏలుబడిలో ఉన్న సెరంపూరుకు మారింది. అక్కడ జాషువా, హన్నా మార్ష్‌మన్ దంపతులు, ముద్రాపకుడు విలియం వార్డు తోడయ్యారు. అదుపూ ఆలనా లేకుండా పెరుగుతున్న కేరీ గారి పిల్లలను హన్నమ్మ గారు తల్లిలా దగ్గరికి తీసుకున్నారు. ఆ సంవత్సరం డిసెంబరు 28న కృష్ణపాల్ హుగ్లీ నదిలో బాప్తిస్మము తీసుకున్నారు. ఏడేళ్ల కన్నీళ్లకు దొరికిన మొదటి ఫలమని మనమంతా ఆనందంగా చెప్పుకునే రోజు అది. ఆ రోజు గురించి మనం చెప్పుకోని సంగతి ఒకటుంది. ఆ ఆనందం పట్టలేక డాక్టరు థామస్‌కు మతి చలించింది. కేరీ గారు తన కుమారుడు ఫీలిక్సునూ, కృష్ణపాల్‌నూ నదిలోకి నడిపిస్తున్న వేళ, ఒక చోట థామస్, మరో చోట డొరతీ గారు మూసిన తలుపుల వెనుక కేకలు వేస్తున్నారు. సంఘం సంతోషమూ ఆ కేకలూ ఒకే గాలిలో కలిసి వినిపించాయి.

1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడు కేరీ గారు కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో భాషలు బోధించడం మొదలుపెట్టారు. 1807లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 8న డొరతీ గారు జ్వరంతో కన్నుమూశారు. మనసు చెదిరి దాదాపు పన్నెండేళ్లు గడిచాయి. ఆ పన్నెండేళ్లూ ఆయన ఆమెను ఇంట్లోనే ఉంచుకున్నారు. ఎక్కడికో పంపి చేతులు దులుపుకోలేదు. పక్క గదిలో ఆ బాధ వినిపిస్తుండగానే రాత్రింబవళ్లు అనువాదాలు చేశారు. అది ఓర్పో, పనిలో తలదాచుకోవడమో, రెండూనో మనం తేల్చలేము. మరుసటి ఏడు ఆయన షార్లెట్ రూమోర్ అనే డెన్మార్కు దేశస్థురాలిని వివాహమాడారు. ఆమె చదువుకున్నది, ఆయన పనిలో పాలుపంచుకున్నది. చాలామంది జీవితచరిత్రకారులు అక్కడ ఊపిరి పీల్చుకొని, డొరతీ గారు భర్త గొప్పతనాన్ని అర్థం చేసుకోలేని భార్య అని రాసి ముందుకు సాగిపోయారు.

అర్థం చేసుకోలేనిది ఆమె ఒక్కరేనా? ఆమె గురించి మనకు తెలిసినదంతా ఇతరులు రాసిందే. భర్త రాశారు, స్నేహితులు రాశారు, తోటి మిషనరీలు రాశారు. నలభై భాషల చరిత్ర గల ఆ ఇంటి నుంచి ఆమె సొంత మాట మనదాకా రాలేదు. కనుక డొరతీ గారు ఇలా తలంచారని చెప్పే హక్కు మాకూ లేదు. మనకు అంతా తెలియదని ఒప్పుకోవడమే ఆమెకు మనమివ్వగల మొదటి గౌరవం.

ఇదే జీవితంలో మరో స్త్రీ ఉన్నారు. కేరీ గారి చెల్లెలు మేరీ. ఇంట్లో పాలీ అని పిలిచేవారు. పక్షవాతం వచ్చి ఆమె దాదాపు యాభై ఏళ్లు మంచంమీదనే ఉన్నారు, చాలా ఏళ్లు మాట కూడా లేదు. కదలిక మిగిలిన చేతితో కష్టంమీద రాసేవారు. వేల మైళ్ల దూరంలో ఉన్న అన్న మనసును ఆమె ఉత్తరాల్లో చదివారు, ఆయన కోసం ప్రార్థించారు. మాట లేని చెల్లెలితో అంత దూరాన మనసు కలిసింది. మాట ఉన్న భార్యతో ఒకే ఇంట్లో కలవలేదు. దగ్గరగా ఉండడం, ఒకే భాష మాట్లాడడం, కలిసి ప్రార్థనకు కూర్చోవడం ఇవేవీ ఒక మనసు మరో మనసును తెలుసుకున్నదనడానికి రుజువులు కావు.

మన తెలుగుకూ ఈ కథలో చోటుంది. 1812 మార్చి 11న సెరంపూరు ముద్రణాలయం కాలిపోయింది. కాలినవాటిలో కేరీ గారు రాసిన తెలుగు వ్యాకరణం ప్రతి కూడా ఉంది. ఆయన మళ్లీ కూర్చొని రాశారు, 1814లో అది అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన సెరంపూరులో వెలువడింది. అయితే అది ఎక్కువకాలం నిలవలేదు. ఆయన తెలుగు జనం మధ్య నివసించినవారు కారు, బెంగాల్‌లో కూర్చొని పండితుల సాయంతో పని చేశారు. తెలుగువారి ఇళ్లలో, సంతల్లో మాట వింటూ విశాఖపట్నం వంటి చోట్ల నివసించిన మిషనరీలు ఆ పనిని మళ్లీ చేయవలసి వచ్చింది. ఒక భాషలోని మాటలన్నీ తెలిసినా, ఆ మాట పుట్టిన బతుకు తెలియకపోతే అర్థం సగమే దొరుకుతుంది. భాషల విషయంలో ఈ సంగతి మనం సులభంగా ఒప్పుకుంటాము. మనుషుల విషయంలో ఎందుకు ఒప్పుకోము?

లేఖనాలు ఈ సంగతిని దాచలేదు. షిలోహులో హన్నా పెదవులు మాత్రమే కదులుతూ ప్రార్థిస్తుంటే, అనుభవమున్న యాజకుడు ఏలీ ఆమెను తాగి ఉన్నదనుకున్నాడు. దేవుని మందిరంలో, దేవుని సేవకుని కళ్లెదుట, ఒక నిజమైన ప్రార్థన మత్తుగా కనిపించింది. ఏలీ మంచిపని ఒకటి చేశాడు. ఆమె జవాబు చెప్పగా విన్నాడు, తన మాట మార్చుకొని ఆశీర్వదించాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకు నిజమైన స్నేహితులే. అతని బాధకు కారణం తమకు తెలుసని నోరు తెరిచినప్పుడే తప్పిపోయారు.

మన సంఘాల్లో ఏం జరుగుతున్నదో పరీక్షించుకుందాం. ఒక సహోదరికి నిద్ర పట్టడం లేదు, ఎవరో తనపై కుట్ర చేస్తున్నారంటుంది, మనుషుల్లోకి రానంటుంది. మనం వెంటనే దయ్యమంటాము, లేదా రహస్య పాపమంటాము, లేదా విశ్వాసం చాలదంటాము. బయటివారైతే ఎర్రగడ్డకో విశాఖ ఆసుపత్రికో పంపాలని వెటకారం చేస్తారు. రెండు చోట్లా జరిగేది ఒకటే, ఆమె మాట ఎవరూ వినరు. జ్వరానికి మందు వేసుకుంటూ ప్రార్థన చేసుకునే మనం, మనసు జబ్బుకు మందు వేసుకుంటే విశ్వాసం పోతుందని ఎందుకు అనుకోవాలి? కేరీ గారి కాలంలో లేని వైద్యం దేవుని కృపవలన నేడు ఉన్నది. జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉన్నారు. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. సంఘ నోటీసు బోర్డు మీద ఆ నంబరు రాసిపెట్టడానికి ఖర్చేమీ లేదు.

సంఘకాపరుల ఇళ్ల గురించి కూడా ఒక మాట. పాస్టరమ్మ గారు ఎప్పుడూ నవ్వుతూ కనిపించాలని సంఘం ఆశిస్తుంది. ఆమెకు భయమేస్తే ఎవరితో చెప్పుకుంటారు? భర్తకు వచ్చిన పిలుపు తనకింకా వినిపించలేదని చెబితే ఏమంటాము? అన్నయ్యలారా, పిలుపు పొందినవారు మీరే కావచ్చు, కానీ ప్రయాణం ఇద్దరిది. ఆమె తల ఊపినంత మాత్రాన చాలనుకోకండి. ఏమనిపిస్తున్నదని అడగండి. జవాబు వెంటనే రాకపోతే కాచుకోండి. మరొక రోజు మళ్లీ అడగండి. సహోదరీలారా, కాపరి భార్య ఇంటికి వెళ్లినప్పుడు ప్రార్థన మనవులు చెప్పుకోవడమే కాక, ఆమె మనవి ఏమిటో కూడా అడిగి రండి. డొరతీ గారికి సెరంపూరులో అలాంటి పలకరింపు ముందుగానే దొరికి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. దొరకవలసింది.

ఇంత చేసినా కొందరి మనసు మనకు అందదు. అన్ని విధాలా ప్రేమించి, మందులిప్పించి, ఏళ్ల తరబడి పక్కన కూర్చొని, తన బిడ్డ లోపల ఏం జరుగుతున్నదో ఇప్పటికీ తెలియని తల్లిదండ్రులు ఈ మాటలు చదువుతూ ఉండవచ్చు. వారికి మేము చెప్పేదొకటే. అది మీ ప్రేమలోని లోపం కాదు. ఒక మనిషి మరో మనిషిని పూర్తిగా తెలుసుకోవడం ఈ లోకంలో మనకు ఇవ్వబడలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడవ అధ్యాయంలో పౌలు గారు మన తెలివి ఇప్పుడు కొంతమట్టుకే అని ఒప్పుకున్నారు. మాటలు దొరకని మూలుగును కూడా ఆత్మ తండ్రి యొద్దకు తీసుకొనిపోతాడని రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో నేర్పారు. మూసిన గదిలో డొరతీ గారు వేసిన కేకలకు భూమిమీద అనువాదకుడు దొరకలేదు. పరలోకంలో ఆ కేకలు అర్థం కాకుండా పోలేదని మేము నమ్ముతున్నాము.

కేరీ గారు 1834 జూన్ 9న సెరంపూరులో ప్రభువునందు నిద్రించారు. ఆయన చేసిన పనికి తెలుగు సంఘం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. ఇకమీదట ఆయన జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు డొరతీ గారి పేరు కూడా చెప్పుదాం. ఆయన గొప్పతనానికి అడ్డొచ్చిన మనిషిగా కాదు, ఆ గొప్ప పనికి అందరికంటే ఎక్కువ వెల చెల్లించిన మనిషిగా. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, ఎప్పుడూ చివరి వరుసలో కూర్చొని అందరికంటే ముందే వెళ్లిపోయేవారి దగ్గరకు ఒక్క అడుగు వేసి, కాసేపు కూర్చొని విందాం. అర్థం కాకపోయినా విందాం. అట్టి చెవులనూ, అట్టి ఓర్పునూ ప్రభువు మనకు దయచేయును గాక.